చెరకు తోట, చీట్లపేక, పరీక్షకుడి పెన్సిల్

మనిషి మనసును కొలవబూనిన శాస్త్రానికి, రాళ్లనూ లోహాలనూ కొలిచే శాస్త్రాలకు లేని చిక్కులు కొన్ని ఉన్నాయి. ఇనుప కడ్డీకి తనను వేడి చేస్తున్నారని తెలియదు, తెలిసినా పరీక్షకుడిని మెప్పించడానికి కాస్త ఎక్కువగా సాగదు. మనుషుల సంగతి వేరు. ఒక మనిషికీ మరొక మనిషికీ నూరు తేడాలుంటాయి, తనను పరీక్షిస్తున్నారన్న ఎరుక మనిషి నడతనే మార్చివేస్తుంది, పైగా పరీక్ష పెట్టేవాడికి ఏ ఫలితం వస్తే బాగుంటుందో ముందే ఒక కోరిక ఉంటుంది. మనస్తత్వ ప్రయోగాల్లో నియంత్రణ అనే పేరుతో కనిపించే ఏర్పాట్లన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదానికి విరుగుడుగా పుట్టినవే కాని, పాఠ్యపుస్తకంలో ఉన్నాయి కనుక జరిపించే తంతులు కావు.

మనిషికీ మనిషికీ మధ్య గాని, ఒకే మనిషిలో ఒక వేళకూ మరొక వేళకూ మధ్య గాని మారే ఏ లక్షణాన్నయినా చరం అంటారు. పరిశోధకుడు తానుగా మార్చేది, లేదా మార్పు వచ్చిన చోటును వెతికి పట్టుకునేది స్వతంత్ర చరం. దాని వల్ల మారుతుందేమోనని కొలిచేది పరతంత్ర చరం. ఈ రెండింటి మధ్యకు పిలవని పేరంటంలా వచ్చి చేరి, ఫలితానికి తానే కారణమై ఉండి కూడా ఆ పేరు మరొకదానికి పోయేలా చేసే మూడవదాన్ని కలుషిత చరం అనవచ్చు.

1947లో ఆంధ్రా షుగర్స్ స్థాపనతో చక్కెర పట్టణంగా పేరుపడిన తణుకు పరిసరాల్లో, ఈ మూడవ చరం ఎంత గడుసుదో చెప్పడానికి చెరకు రైతును మించిన ఉదాహరణ దొరకదు. చేతిలో డబ్బు ఆడకపోవడం మనిషి ఆలోచనాశక్తిని తగ్గిస్తుందా అన్నది ప్రశ్న అనుకుంటే, ఉన్నవాడినీ లేనివాడినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒకే పరీక్ష పెట్టడం తేలికే. కాని ఆ ఇద్దరికీ మధ్య ఉన్న తేడా డబ్బు ఒక్కటే కాదు, చదువు, తిన్న తిండి, ఒంటి ఆరోగ్యం, కాగితం చూసి జవాబు చెప్పే అలవాటు, ఇవన్నీ డబ్బుతో పాటే మారుతూ ఉంటాయి కనుక మార్కుల్లో తేడా వస్తే ఏది ఎంత పని చేసిందో విడదీయడం ఎవరి తరమూ కాదు. చెరకు రైతు జీవితంలో మాత్రం ఈ ముడి తనంతట తానే వీడుతుంది. ఏడాది పొడవునా పెట్టుబడి పెట్టి, తోట నరికి ఫ్యాక్టరీకి తోలిన తరువాత గాని డబ్బు చేతికి రాదు కనుక, ఒకే మనిషి, అదే చదువుతో, అదే కుటుంబంతో, కొన్ని నెలల తేడాలో ఒకసారి లేనివాడుగానూ మరొకసారి ఉన్నవాడుగానూ ఉంటాడు.

ఈ సంగతిని ఆసరాగా తీసుకుని ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ ఝావో అనే నలుగురు పరిశోధకులు తణుకులో కాదు గాని పొరుగున తమిళనాడులో, 54 గ్రామాలకు చెందిన 464 మంది చెరకు రైతుల మీద జరిపిన అధ్యయనం 2013లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. నరుకుడుకు ముందు వారిలో 78 శాతం మంది ఏదో ఒక వస్తువును తాకట్టు పెట్టి ఉండగా, తరువాత అలాంటివారు 4 శాతానికి దిగారు. బొమ్మల వరుసలో తప్పిపోయిన బొమ్మను గుర్తించే పరీక్షలో సరైన జవాబుల సగటు నరుకుడుకు ముందు 4.35, తరువాత 5.45. ఇంతవరకే చదివి లేమి బుద్ధిని మందగింపజేస్తుందని తేల్చేవాడు తొందరపడినవాడే అవుతాడు, ఎందుకంటే రెండవసారి అదే తరహా పరీక్ష రాసేవాడు మొదటిసారి కంటే బాగా రాయడం సహజం. సాధన ప్రభావం అని పిలిచే ఈ అనుమానానికి జవాబుగా పరిశోధకులు 100 మంది రైతులను మొదటి విడత పరీక్షకు పిలవకుండా పక్కన ఉంచి, నరుకుడు అయిన తరువాతనే మొట్టమొదటిసారి పరీక్షించి, వారి జవాబులను నరుకుడుకు ముందు మొట్టమొదటిసారి రాసినవారి జవాబులతో పోల్చారు. అప్పుడు కూడా తేడా నిలిచింది. ఆ అధ్యయనం మొత్తంలో అన్నిటికంటే విలువైనది, కొన్నాళ్లు ఏమీ చేయకుండా ఊరకే వదిలివేసిన ఆ 100 మంది రైతులే.

మరొక అనుమానం కాలానికి సంబంధించినది. అందరి తోటలూ సంక్రాంతికి ముందే నరికి ఉంటే, మెరుగుదల డబ్బు వల్ల వచ్చిందా, పండుగ ఉత్సాహం వల్ల వచ్చిందా, చలికాలపు హాయి వల్ల వచ్చిందా అన్నది తేలదు. ఫ్యాక్టరీ ఒక్క రోజున అందరి చెరకూ గానుగాడలేదు కనుక ఎవరి వంతు ఎప్పుడన్నది నెలల తరబడి విస్తరించి ఉంటుంది. ఒకే వారంలో ఒక రైతు తోట నరికి ఉండగా పక్క రైతు తోట ఇంకా నిలబడి ఉంటుంది. వంతు కోసం రైతు పడే అవస్థ పరిశోధకుడికి వరమైంది. ఇంత చేసినా మూయలేని సందు ఒకటి మిగిలే ఉంది. తన తోట నరికారో లేదో రైతుకు తెలియకుండా దాచే ఉపాయం లేదు.

కొలత వల్లనే మనిషి మారిపోతాడన్న రెండవ చిక్కుకు సాక్ష్యం ఆంధ్రప్రదేశ్ బడులలోనే దొరికింది. ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో 2005లో మొదలైన పరిశోధనల వరుసలో భాగంగా కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 100 గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచి, అక్కడి పిల్లలకు ఏ అంశంలో ఏది రాదో వివరించే నివేదికలను ఉపాధ్యాయులకు అందజేసి, అప్పుడప్పుడు తరగతులను పరిశీలకుల చేత చూపించారు. ఇలా యాదృచ్ఛికంగా ఎంచడంలోని మర్మం ఏమిటంటే, మంచి ఉపాధ్యాయులూ మందకొడివారూ, కలిగిన ఊళ్లూ పేద ఊళ్లూ, పరిశోధకుడికి పేరు కూడా తెలియని తేడాలన్నీ రెండు వైపులకూ సుమారుగా సమంగా పంచుకుపోతాయి. తెలిసిన చరాన్ని చేత్తో అదుపు చేయవచ్చు గాని, తెలియని చరాన్ని అదుపు చేయగలిగేది ఈ చీటీ ఒక్కటే. ఏడాది గడిచాక పరిశీలకుల పుస్తకాలు చూస్తే, నివేదికలు అందుకున్న బడులలో ఉపాధ్యాయులు ఇతర బడులలోని వారికంటే చురుకుగా పాఠం చెబుతున్నట్టు కనిపించింది. విడిగా పెట్టిన పరీక్షల్లో మాత్రం ఆ పిల్లల మార్కులు మిగిలిన పిల్లల మార్కుల కంటే ఏమీ పెరగలేదు.

తనిఖీ రోజున బడి ఎంత కళకళలాడుతుందో గోదావరి జిల్లాల్లో ఎవరికీ వివరించనక్కరలేదు. విశేషం ఏమిటంటే, పరిశోధకులు తరగతి పరిశీలనతో సరిపెట్టుకుని ఉంటే ఆ పథకం గొప్ప విజయంగా లెక్కకు ఎక్కేది. చూసే కన్నుతో సంబంధం లేని రెండవ కొలత ఉండటం వల్లనే అసలు సంగతి బయటపడింది. గమనిస్తున్నారన్న ఎరుకతో నడత మారడాన్ని హాథార్న్ ప్రభావం అంటారు. 1920లలో షికాగో దగ్గరి హాథార్న్ కర్మాగారంలో జరిపిన వెలుతురు ప్రయోగాల వల్ల ఆ పేరు స్థిరపడింది గాని, ఆ పాత లెక్కలను తరువాత తిరగదోడినవారికి అక్కడ అంత బలమైన ప్రభావం కనిపించలేదు. ఆ రకంగా చూస్తే హాథార్న్ కంటే ఈ తెలుగు బడులే దానికి మెరుగైన ఉదాహరణ.

ఇక పరీక్షకుడి కోరిక అనే మూడవ చిక్కు అన్నిటికంటే లోతైనది, దాన్ని తెలుగు నేల మీద దగ్గరగా చూడదగిన చోటు వాల్తేరు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో అతీంద్రియ శక్తుల పరిశోధకుడు జె.బి.రైన్ దగ్గర పనిచేసి వచ్చిన కోనేరు రామకృష్ణారావు 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పారు. తరువాతి కాలంలో ఆయన అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. కన్ను, చెవి మొదలైన ఇంద్రియాల సహాయం లేకుండానే మనసు ఒక విషయాన్ని తెలుసుకోగలదా అన్న ప్రశ్నను ప్రయోగాలతో తేల్చబూనేదే పరామనోవిజ్ఞానం. ఆ శక్తి ఉన్నదన్న వాదనను శాస్త్రలోకంలో అత్యధికులు ఈనాటికీ అంగీకరించరు, అంగీకరించదగిన సాక్ష్యం ఉన్నదని ఈ వ్యాసం కూడా చెప్పడం లేదు. అయినా ప్రయోగ నియంత్రణను అర్థం చేసుకోదలచినవారికి ఇంతకంటే మంచి బడి లేదు, ఎందుకంటే ఇక్కడ వెతికే ప్రభావం ఉంటే గింటే ఎంతో చిన్నది. అంత చిన్న ప్రభావం కావలసినప్పుడు, గదిలోని ప్రతి చిన్న పొరపాటూ ఆ ప్రభావం వేషం కట్టుకుని నిలబడుతుంది.

రైన్ వాడిన పనిముట్టు చాలా సాదాది. వృత్తం, ప్లస్ గుర్తు, అలల గీతలు, చతురస్రం, నక్షత్రం అనే ఐదు గుర్తులు, ఒక్కొక్క గుర్తుకు ఐదేసి కార్డుల చొప్పున 25 కార్డుల కట్ట; బోర్లించిన కార్డు మీద ఏ గుర్తు ఉందో చెప్పాలి. ఏ శక్తీ లేనివాడు కూడా సగటున 5 సరిగా చెబుతాడు, అయితే ప్రతిసారీ సరిగ్గా 5 రాదు. అటూ ఇటూ ఊగిసలాడే ఆ మేరకు కొలతగా వాడే ప్రామాణిక విచలనం ఇక్కడ సుమారు 2. తణుకులో 40 మంది ఉన్న ఒక తరగతికి, ఒక్కొక్కరికి వేరువేరుగా కలిపిన కట్టతో ఈ పరీక్ష పెడితే, ఎవరికీ ఏ శక్తీ లేకపోయినా కనీసం ఒక్కరికైనా 10 గాని అంతకుమించి గాని వచ్చే అవకాశం దాదాపు సగం ఉంటుంది. ఆ కుర్రవాడిని దివ్యదృష్టి గలవాడని ఊరేగించి మర్నాడు మళ్లీ పరీక్షిస్తే మార్కులు 5 దగ్గరికి జారిపోతాయి; నమ్మినవారు దానికి శక్తి సన్నగిల్లిందని పేరు పెడతారు, లెక్క తెలిసినవారికి అందులో వింత ఏమీ ఉండదు.

శ్రమ తగ్గించుకోవడానికి ఆ 40 మందికీ కలిపి ఒకే కట్టను వాడితే మరో దోషం వచ్చి పడుతుంది. ఒకే ఊరి పిల్లలకు ఊహించే అలవాట్లు కూడా ఒకే రకంగా ఉండవచ్చు; చాలామంది మొదట నక్షత్రంతో మొదలుపెట్టి, వెంటనే అదే గుర్తును మళ్లీ చెప్పడానికి వెనకాడారనుకుంటే, కట్ట కూడా అనుకోకుండా అదే తీరున పడి ఉన్నప్పుడు ఒక్క యాదృచ్ఛిక సంఘటన 40 విజయాలుగా లెక్కలోకి వస్తుంది. మనుషులు 40 మందే అయినా సాక్ష్యం ఒక్కటే. తరగతి గదుల్లో సామూహికంగా పరీక్షలు జరిపి వందల మంది పాల్గొన్నారని చాటే ఏ అధ్యయనాన్ని చదివినా, అది పరామనోవిజ్ఞానమే కానక్కరలేదు, ఈ ప్రశ్న వేసి తీరాలి.

అచ్చు వేసి అమ్మిన కట్టల్లో కొన్నింటిలో, వెలుతురు ఒక వాలున పడితే గుర్తు వెనుక నుంచే కనిపించేది, అందువల్ల తెరలు వచ్చాయి. చేత్తో కలిపితే వరుస పూర్తిగా చెదరదు కనుక యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలు వచ్చాయి. కార్డు తెలిసినవాడు ఎదురుగా ఉంటే ముఖమో గొంతో ఏదో ఒకటి చెప్పేస్తుంది కనుక, జవాబు చెప్పేవాడికీ రాసుకునేవాడికీ ఇద్దరికీ సరైన గుర్తు తెలియకుండా ఉంచే డబుల్ బ్లైండ్ పద్ధతి వచ్చింది. రాసుకునేవాడిని కూడా ఎందుకు అనుమానించాలన్న దానికి జవాబు 1939లో కెనెడీ, అప్‌హాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇచ్చారు. ఇలాంటి ఊహల పరీక్షలో జవాబులు నమోదు చేసేవారి పొరపాట్లను వారు లెక్కించగా, అతీంద్రియ శక్తిని నమ్మేవారి తప్పులు మార్కులు పెంచే వైపుకూ, నమ్మనివారి తప్పులు తగ్గించే వైపుకూ ఒరిగాయి. వారిలో ఎవరూ మోసగాళ్లు కారు. పక్షపాతం అనే మాట వినగానే మనకు దురుద్దేశం గుర్తుకు వస్తుంది గాని, ప్రయోగశాలలో ఎక్కువ నష్టం చేసేది నిజాయితీపరుడి పెన్సిలే.

రామకృష్ణారావు పేరుతో ముడిపడిన భావనల్లో ముఖ్యమైనది భేదాత్మక ప్రభావం. రెండు రకాల పరిస్థితులను, ఉదాహరణకు రెండు భాషల పదాలను, ఒకే పరీక్షలో ఎదుట పెడితే, మనిషి ఒకదానిలో సగటు కంటే ఎక్కువా రెండవదానిలో సగటు కంటే తక్కువా సాధించే ధోరణి కనబడుతుందన్నది ఆ వాదన. తార్కికంగా ఇందులో అసంభవం ఏమీ లేదు, కాని పద్ధతి దృష్టితో చూస్తే ఇది ప్రమాదకరమైన భావన. ఎక్కువ రావడమూ సాక్ష్యమే, తక్కువ రావడమూ సాక్ష్యమే అయినప్పుడు, ఏ పరిస్థితిలో ఎక్కువ రావాలో, ఏ పరిస్థితిలో తక్కువ రావాలో అంకెలు చూడకముందే రాసి పెట్టి ఉంటే తప్ప, ఆ సిద్ధాంతం ఓడిపోయే దారి లేకుండా పోతుంది. ఇంటర్వ్యూకు ముందూ తరువాతా అతీంద్రియ పరీక్ష మార్కులను పోల్చిన అధ్యయనం ఒకటి రామకృష్ణారావు, కాంతామణి, శైలజల పేర్లతో 1968లో వచ్చింది. ఆలోచన చక్కనిదే, ఆందోళన స్వతంత్ర చరం అవుతుంది. అయితే ఇంటర్వ్యూ తరువాత ఘడియ ఎవరికీ ఇంటర్వ్యూకు ముందు రాదు కనుక, చెరకు రైతుల విషయంలో అడిగిన సాధన ప్రశ్నే ఇలాంటి ప్రతి పోలికలోనూ మళ్లీ ఎదురవుతుంది.

వరుసక్రమం ఎంత గడుసుగా మోసగిస్తుందో చెప్పే మరొక నిదర్శనం ఈ రంగంలోనే ఉంది. నలుగురిలో కలుపుగోలుగా ఉండేవారు, అంటే బహిర్ముఖులు, ఈ పరీక్షల్లో ఎక్కువ మార్కులు తెచ్చుకుంటారని అనేక అధ్యయనాలు చెప్పాయి. వాల్తేరు శాఖకు ఇష్టమైన పరిశోధనాంశాల్లో వ్యక్తిత్వం కూడా ఒకటి. ఛార్లెస్ హానర్టన్, డయాన్ ఫెరారీ, డారిల్ బెమ్ అలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి విశ్లేషించినప్పుడు, ఇచ్చిన గుర్తుల్లోంచి ఒకదాన్ని ఎంచుకునే కార్డు తరహా పరీక్షల్లో ఆ సంబంధం, ముందు అతీంద్రియ పరీక్ష పెట్టి తరువాత వ్యక్తిత్వ ప్రశ్నావళి ఇచ్చిన చోట్ల మాత్రమే కనబడింది. కారణం ఊహించడం కష్టం కాదు. తనకు మంచి మార్కులు వచ్చాయని తెలిసినవాడు వెంటనే తన గురించి అడిగిన ప్రశ్నలకు కాస్త హుషారుగానే జవాబులు రాస్తాడు. దశాబ్దాల పాటు మనసు శక్తిగా చెలామణీ అయినది, ఏ కాగితం ముందు ఇచ్చారన్న దానిలో ఉండిపోయింది. విశేషించి, ఈ దోషాన్ని బయటపెట్టినవారు ఆ రంగపు శత్రువులు కారు.

మోసం కూడా ఆ ఇంట్లోనే పట్టుబడింది. డర్హమ్‌లో రైన్ నెలకొల్పిన పరామనోవిజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా ఉన్న వాల్టర్ లెవీ 1974లో ఎలుకల ప్రయోగంలో నమోదు యంత్రాన్ని తారుమారు చేస్తుండగా, అనుమానం వచ్చిన సహోద్యోగులే అతనికి తెలియకుండా రెండవ నమోదు ఏర్పాటు చేసి నిరూపించారు. అతను పదవి వదులుకున్నాడు, కొంతకాలానికి ఆ సంస్థ బాధ్యతలు రామకృష్ణారావుకు వచ్చాయి. ఆయన 1987లో జాన్ పామర్‌తో కలిసి ‘బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్’ పత్రికలో తమ రంగాన్ని సమర్థిస్తూ రాయగా, ఆ రంగాన్ని విమర్శించే జేమ్స్ ఆల్కాక్ ఖండన దాని పక్కనే అచ్చయింది. తన వాదం పక్కనే దాని ఖండననూ అచ్చు వేయనిచ్చినందుకు ఆయనకు కొంత మర్యాద దక్కాలి.

నియంత్రణలన్నీ పాటించినా పరీక్షకుడు ఫలితంలోకి చొరబడగలడా అన్న ప్రశ్నకు 1990లలో విచిత్రమైన సమాధానం వచ్చింది. వేరే చోటు నుంచి ఎవరో తదేకంగా చూస్తే మనిషికి తెలుస్తుందా అన్న విషయం మీద, నమ్మకం గల మెరిలిన్ ష్లిట్జ్, నమ్మకం లేని రిచర్డ్ వైజ్‌మన్ ఒకే ప్రయోగశాలలో ఒకే పరికరాలతో ప్రయోగం చేసి 1997లో ప్రకటించినప్పుడు ఆమెకు ప్రభావం కనిపించింది, అతనికి కనిపించలేదు. 2006లో ప్రకటించిన మరొక ఉమ్మడి ప్రయోగంలో ఇద్దరికీ కనిపించలేదు. దీనికి దివ్యశక్తి వివరణలు ఇచ్చినవారున్నారు. పాల్గొనేవారిని వాకిట్లో పలకరించే తీరులో ఉండే తేడా లాంటి మామూలు కారణాలను పూర్తిగా తోసిపుచ్చకుండా అంత దూరం వెళ్లనక్కరలేదు.

మిగిలిన మనస్తత్వశాస్త్రం ఈ గొడవను చాలాకాలం పొరుగింటి తగాదాగానే చూసింది. 2011లో డారిల్ బెమ్, భవిష్యత్తును మనసు ముందే పసిగడుతుందంటూ తొమ్మిది ప్రయోగాలను పేరున్న పత్రికలో ప్రకటించినప్పుడు, ఆయన వాడినవి ఆ శాస్త్రంలో అందరూ వాడే పద్ధతులే కావడంతో కంగారు పుట్టింది. ఆ పద్ధతులతో అసంభవమైనది రుజువు అవుతున్నదంటే, అవే పద్ధతులతో రుజువైన మామూలు సంగతుల మాటేమిటి? 2015లో అనేక దేశాల పరిశోధకులు కలిసి 100 మనస్తత్వ అధ్యయనాలను మళ్లీ చేసి చూసినప్పుడు, మొదట 97 శాతం అధ్యయనాల్లో గణాంకపరంగా సార్థకమైన ఫలితం ఉండగా, పునఃప్రయోగాల్లో అది 36 శాతానికే పరిమితమైంది. ఇందులో మోసం పాలు తక్కువ. అంకెలు చూసిన తరువాత ప్రశ్నను సవరించడం, అనుకూలించిన కొలతను ఉంచి మిగిలినవి వదలడం, ఫలితం రాని ప్రయోగాన్ని బీరువాలో పెట్టడం వంటి అలవాట్ల పాలే ఎక్కువ.

వీటికి నేడు సూచిస్తున్న మందు ముందస్తు నమోదు, అంటే ఏ ప్రశ్న, ఎందరు మనుషులు, ఏ కొలత, ఏ లెక్క అన్నది అంకెలు చేతికి రాకముందే రాసి ఇవ్వడం, ఫలితం ఏదైనా ప్రచురిస్తామని పత్రిక ముందే మాట ఇవ్వడం. ‘కార్టెక్స్’ అనే పత్రిక ఈ ఏర్పాటును 2013లో ప్రవేశపెట్టింది. మార్టిన్ జాన్సన్ అనే మనస్తత్వవేత్త యూట్రెక్ట్‌లో నడిపిన ‘యూరోపియన్ జర్నల్ ఆఫ్ పారాసైకాలజీ’ ఇదే పద్ధతిని 1970ల మధ్యలోనే మొదలుపెట్టింది; ఆ పత్రికలో ముందుగా నమోదైన ప్రయోగాలకు, నమోదు కాని వాటికంటే తక్కువ విజయాలు వచ్చాయి.